కప్పు చూసి కోచ్‌ని కొలవొద్దు

(మండల యువజన సంఘాలు, హాస్టలు పిల్లల తల్లిదండ్రులు కలిసి పెట్టుకున్న సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు ఎందుకు కూర్చున్నామో అందరికీ తెలుసు. మన ఆడపిల్లల కబడ్డీ జట్టు జోనల్ పోటీల్లో మొదటి ఆటలోనే ఓడి తిరిగొచ్చింది. పక్క మండలం జట్టు కప్పు ఎత్తుకుపోయింది. "మన కోచ్ పనికిరాడు, ఆ పక్క మండలం ఆయన్నే పిలిపిద్దాం, చందాలేసుకునైనా నాలుగు డబ్బులు ఎక్కువిద్దాం" అని కమిటీలో మాట వచ్చింది. ఆ మాట అన్నవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. పిల్లల బాగు కోరే అన్నారు. కాని ఒక మనిషి పనిని తూచేముందు చేతిలో ఉన్న తక్కెడ సరైనదా కాదా చూసుకోవాలి. తరతరాలుగా దొంగ తక్కెడలో తూకం వేయించుకున్న జనం మనం. గింజలు కొలిచే కుంచంలో మోసం, కూలి లెక్కలో మోసం, ఇంటిపేరు చూసి వేసే మార్కుల్లో మోసం. ఇన్ని మోసాలు చూసిన మనం ఇంకొకరిని తూచేటప్పుడు అదే దొంగ తక్కెడ పట్టుకుంటే ఎట్లా?

నేను ఆయన్ని ఉంచమని చెప్పడానికి రాలేదు. తీసెయ్యమని చెప్పడానికీ రాలేదు. ఏది చేసినా న్యాయంగా చేద్దాం, దానికి ఏమేం చూడాలో చెప్పడానికి వచ్చాను.

ముందు ఒక పాత సంగతి. ద్రోణుడి కథ మీకు తెలిసిందే. ఆయన శిష్యుడు అర్జునుడు లోకంలోకెల్లా మేటి విలుకాడు. గెలుపే లెక్కయితే ద్రోణుడికి నూటికి నూరు మార్కులు వెయ్యాలి. కాని ఆ మార్కుల కాగితం మీద ఏకలవ్యుడి బొటనవేలు ఎక్కడా కనపడదు. పోటీకి రాగలిగిన పిల్లవాడిని రాకుండా చేసి తనవాడిని మొదటివాడిగా నిలబెట్టిన గురువాయన. మన దేశంలో కోచ్‌లకు 1985 నుంచి ఇస్తున్న పెద్ద అవార్డుకు ఆ గురువు పేరే పెట్టారు. పేరు పెట్టినవాళ్లకు వేలు గుర్తు రాలేదు. మనకు గుర్తుంది. అందుకే ఏ కోచ్ గెలిచాడని విన్నా మనం అడగాల్సిన మొదటి మాట, ఈ గెలుపు కింద ఎవరి వేలు తెగిపడింది అని.

ఇంకో వైపు కూడా చూడండి. అదే ద్రోణాచార్య అవార్డు మొదటి ఏడాది అందుకున్నవాళ్లలో ఓ.ఎం.నంబియార్ ఒకరు. పి.టి.ఉష కోచ్ ఆయన. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో ఉష నాలుగో స్థానంలో వచ్చింది. ఆమె టైము 55.42 సెకన్లు. కాంస్యం తెచ్చుకున్న అమ్మాయి టైము 55.41. అంటే సెకనులో వందో వంతు. కప్పు లెక్కలో అది ఓటమే. ఆ వందో వంతు ఇటు జరిగితే నంబియార్ గొప్ప కోచ్, అటు జరిగితే పనికిరాని కోచ్ అవుతాడా? ఏళ్ల తరబడి ఆయన చేసిన పని ఆ వందో వంతులో లేదు. పయ్యోళి అనే చిన్న ఊరి పిల్ల ఒలింపిక్ ఫైనల్ దాకా వచ్చి నిలబడటంలో ఉంది.

ఇప్పుడు మన హైదరాబాదు మనిషి గురించి చెప్తా. సయ్యద్ అబ్దుల్ రహీం. నాలాగే బడిపంతులు. హైదరాబాదు సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకు, 1950 నుంచి దేశం జట్టుకు కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన జట్టు బంగారు పతకం గెలిచింది. ఆ మరుసటి ఏడాదే, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో, మొదటి ఆటలోనే యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. పది గోల్స్! మనవాళ్లలో చాలామంది కాళ్లకు బూట్లు కూడా లేకుండా ఆడారు. ఆ రోజు మన కమిటీ లాంటి కమిటీ ఒకటి కూర్చుని ఉంటే రహీం సాబును ఆ సాయంత్రమే ఇంటికి పంపేది.

పంపలేదు కాబట్టి ఏమైందో వినండి. నాలుగేళ్ల తర్వాత, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, ఆయన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీ ఫైనల్‌కు వెళ్లింది. అక్కడ ఎదురైంది మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ మనదే. చివరికి 4-1తో ఓడారు. కాంస్యం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలోనూ ఓడి నాలుగో స్థానంలో నిలిచారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. 1952లో యుగోస్లావియా మీద ఓటమి. 1956లో యుగోస్లావియా మీద ఓటమి. గెలుపు, ఓటమి అని రెండే గళ్లు గీసిన కాగితం మీద ఈ రెండూ ఒకటే గడిలో పడతాయి. కాని పది గోల్స్ తిన్న జట్టుకూ, ముందు గోల్ కొట్టి భయపెట్టిన జట్టుకూ మధ్య ఒక కోచ్ నాలుగేళ్ల చెమట ఉంది. అది కనపడని కాగితంతో కోచ్‌ని ఎలా తూస్తాం?

1962 జకార్తా ఆసియా క్రీడల్లోనూ ఇదే. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. ఫైనల్లో అదే దక్షిణ కొరియా మీద 2-1 గెలుపు. తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగును ముందు వరసలోకి తెచ్చి ఆడించాడు రహీం. ఫైనల్లో ఒక గోల్ ఆ జర్నైల్ సింగే కొట్టాడు. ఆ మరుసటి ఏడాది, 1963 జూన్‌లో, రహీం క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి మళ్లీ బంగారం రాలేదు.

కాబట్టి మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. పిల్లలు ఎక్కడ ఉన్నప్పుడు కోచ్ చేతికి వచ్చారు, ఇప్పుడు ఎక్కడున్నారు? మన పిల్లలు రెండేళ్ల కిందట కూతకు వెళ్తే గీత దాటాక కాళ్లు వణికేవి. ఇప్పుడు ముప్పై సెకన్ల కూత నిలబెట్టి, బోనస్ గీత తొక్కి వెనక్కి రాగలుగుతున్నారా? ముందు ఎవరికి వారు పట్టుకు దూకేవాళ్లు, ఇప్పుడు గొలుసు కట్టి పడుతున్నారా? పోయినేడు ఎన్ని పాయింట్ల తేడాతో ఓడారు, ఈ ఏడు ఎన్ని? ఈ లెక్క ఎవరైనా రాసిపెట్టారా? రాసిపెట్టకుండా "పనికిరాడు" అని ఏ ఆధారంతో అంటున్నాం?

రెండో ప్రశ్న మన జనానికి ప్రాణం లాంటిది. ఆయన ఎవరిని ఆడించాడు? కబడ్డీ జట్టుకు పన్నెండు మంది. గీత లోపల ఏడుగురు, బయట ఐదుగురు. ఆ బయట కూర్చున్న ఐదుగురు ఎప్పుడూ ఏ వాడ పిల్లలు? పల్లె నుంచి, గూడెం నుంచి వచ్చినవాళ్లేనా? వాళ్లకు ఆట రాక కూర్చోబెట్టాడా, నేర్పక కూర్చోబెట్టాడా? కెప్టెన్ ఎవరు? నీళ్ల బిందె మోసేది ఎవరు?

పల్వంకర్ బాలూ కథ మన పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. అంటరాని కులంలో పుట్టి, పూనాలో తెల్లవాళ్ల క్రికెట్ క్లబ్బులో మైదానం పని చేస్తూ, వాళ్లు ప్రాక్టీసు చేసుకోవడానికి బంతులు వేశాడు. 1911లో ఇంగ్లండు వెళ్లిన జట్టులో 114 వికెట్లు తీశాడు. అంత చేసినా, బొంబాయి పోటీల్లో హిందూ జట్టుకు ఆయన్ని కెప్టెన్ని చెయ్యలేదు. తమ్ముడు విఠల్‌కు 1923లో గాని ఆ కుర్చీ దక్కలేదు. ఆ జట్టు అప్పుడప్పుడూ గెలిచే ఉంటుంది. గెలిచినంత మాత్రాన న్యాయం జరిగినట్టా?

దీనికి ఎదురు ఉదాహరణలూ ఉన్నాయి. తులసీదాస్ బలరాం సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన పేద కుర్రాడు. ప్రాక్టీసుకు వచ్చే స్తోమత లేదంటే రహీం సాబు సైకిల్ కిరాయి డబ్బులిచ్చి రప్పించుకున్నాడు. ఆ కుర్రాడే 1962 బంగారు జట్టులో ఆడాడు. మొన్న మొన్నటి సంగతి జీవాంజి దీప్తిది. వరంగల్ జిల్లా కల్లెడ కూలి తల్లిదండ్రుల బిడ్డ. పుట్టుకతో వచ్చిన బుద్ధి మాంద్యం చూసి ఊరి జనం వెక్కిరించిన పిల్ల. నాగపురి రమేష్ కోచింగులో పరుగెత్తి 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పూర్తిచేసి తన విభాగంలో అప్పటి ప్రపంచ రికార్డు కొట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం తెచ్చింది. మేలో బంగారం, సెప్టెంబరులో కాంస్యం కాబట్టి కోచ్ దిగజారాడని ఎవరైనా అంటారా? జనం పనికిరాదని వదిలేసిన పిల్లను చూసి పనికొస్తుంది అనడమే ఆ కోచింగులో మొదటి పని.

మూడో ప్రశ్న. ఎంతమంది వచ్చారు, ఎంతమంది నిలిచారు? ఇరవై మంది చేరితే కప్పు గెలిచేనాటికి ఎనిమిది మందే మిగిలారంటే, మిగతా పన్నెండు మంది ఏమయ్యారో కప్పు చెప్పదు. ఇళ్లకు వెళ్లి అడగాలి. బడి మానేశారా? పెళ్లి చేసేశారా? కోచ్ తిట్టిన తిట్లకు మొహం చాటేశారా? మన ఆడపిల్లలకు ఆట అంటే ఇంకో రెండేళ్లు బడిలో ఉండటం. ఇంకో రెండేళ్లు పెళ్లి వాయిదా పడటం. ఆ పిల్ల ఒక్క ఆట గెలవకపోయినా పదో తరగతి దాటిందంటే, ఆ కోచ్ ఖాతాలో అది గెలుపు కింద రాయాలి.

నాలుగో ప్రశ్న, పిల్లల ఒళ్లు. తూర్పు జర్మనీ అని ఒక దేశం ఉండేది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల ఈత పోటీలు 13 జరిగితే 11 బంగారు పతకాలు ఆ దేశమే ఎత్తుకుపోయింది. లోకమంతా చప్పట్లు కొట్టింది. లోపల జరిగింది వేరు. చిన్న చిన్న ఆడపిల్లలకు విటమిన్ బిళ్లలని చెప్పి మగ హార్మోను మందులు మింగించారు. గొంతులు బొంగురుపోయాయి, ఒళ్లు గుల్లయ్యాయి, జీవితాంతం రోగాలు మిగిలాయి. ఆ దేశం పోయిన తర్వాత, 2000లో, బెర్లిన్ కోర్టు అక్కడి క్రీడల పెద్ద మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌ను దోషి అని తేల్చింది. పతకాల పట్టిక మాత్రం ఆనాడు ఆయన్ని మొనగాడనే చెప్పింది.

ఆ మందులు మన ఊరికి రాలేదని ధీమా పడకండి. బరువు విభాగంలో సరిపోవాలని పిల్లను రెండు పూటలు పస్తుంచడం కూడా ఆ జాతి పనే. మోకాలు వాచిన పిల్లకు గుడ్డ కట్టి "ఈ ఒక్క ఆట ఆడు" అనడం కూడా అదే. తక్కువ వయసు పోటీలో దింపడానికి పుట్టిన తేదీ దిద్దడమూ అదే. రేపు పట్టుబడితే కోచ్ తప్పుకుంటాడు, సర్టిఫికెట్ రద్దయ్యేది పిల్లది.

ఐదో ప్రశ్న అడగడానికి మొహమాటపడతాం. అడిగి తీరాలి. పిల్లలకు ఆయన దగ్గర భయం ఉందా, గౌరవం ఉందా? కులం పేరు పెట్టి తిడతాడా? చెయ్యి చేసుకుంటాడా? ఆడపిల్లలను ఒంటరిగా పిలుస్తాడా? పోటీలకు వెళ్లినప్పుడు వెంట ఆడ మనిషి ఉంటుందా? పిల్లల మీద లైంగిక అఘాయిత్యాలకు 2012లో పోక్సో చట్టం వచ్చింది. ఆ చట్టం కింద విషయం తెలిసి చెప్పకపోవడం కూడా నేరమే. 1098కి ఫోన్ చేస్తే పిల్లల సహాయానికి వస్తారు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తున్నా. మిగతా నాలుగు ప్రశ్నల్లో తక్కువ ఎక్కువలు చూద్దాం, గడువిద్దాం. ఈ ఒక్కదాంట్లో గడువు లేదు. కప్పులు ఎన్ని తెచ్చినా, మన కులపోడైనా, మన సంఘంవాడైనా, ఆ రోజే బయటికి పంపి పోలీసులకు చెప్పాలి.

ఇప్పుడు మన వైపు తిరిగి ఒక ప్రశ్న. కోచ్‌ని అడిగే ముందు, ఆయనకు మనం ఏమిచ్చాం? పోటీలు మ్యాటు మీద జరుగుతాయి. మన పిల్లలు హాస్టలు వెనక గులకరాళ్ల నేల మీద నేర్చుకున్నారు. మ్యాటు మీద బూటు ఎలా పడుతుందో పోటీ రోజే తెలిసింది. ఆయనకు నెలకు మనం ఇచ్చేది కూలి రేటు లెక్కేస్తే పది రోజుల కూలి కాదు. రెండో సగంలో పిల్లలు డీలా పడిపోయారని అన్నారు. నిజమే. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తం తక్కువ. రక్తం తక్కువైన పిల్లకు ఊపిరి ఎక్కడి నుంచి వస్తుంది? కూత ఊపిరి మీద నడిచే ఆట. పలచటి పప్పు, పురుగుల బియ్యం పెట్టిన హాస్టలును వదిలేసి కోచ్ మెడ మీద కత్తి పెడితే అసలు దోషి నవ్వుకుంటాడు. ఐరన్ మాత్రలు అందుతున్నాయా, గుడ్డు రోజూ పడుతోందా, ఇవి కోచ్ ఒక్కడి చేతిలో లేవు. అయితే పిల్లలు నీరసపడుతున్నారని ఆయన గమనించాడా, వార్డెన్‌కు చెప్పాడా, మనకు చెప్పాడా? అది మాత్రం ఆయన చేతిలో ఉంది. అది అడుగుదాం.

మీలో కొందరు అనుకుంటున్నారు, నాకు తెలుసు. "సారూ, నీతులు బాగానే ఉన్నాయి, మా పిల్లకు సర్టిఫికెట్ కావాలి. స్పోర్ట్స్ కోటాలో సీటో, ఉద్యోగమో రావాలంటే పైస్థాయి పోటీల దాకా వెళ్లాలి. ఓడిపోతూ ఉంటే ఎలా?" న్యాయమైన మాట. గెలుపు అక్కర్లేదని నేను అనడం లేదు. ఉన్నోడి బిడ్డకు ఆట సరదా. లేనోడి బిడ్డకు ఆట ఒక దారి. అందుకే గెలుపునూ లెక్కలో వేద్దాం. రెండేళ్లు, మూడేళ్లు ఇచ్చినా జట్టు ఉన్నచోటే ఉంటే, పిల్లలకు కొత్త పట్టు ఒక్కటీ రాకపోతే, ఓడినప్పుడల్లా రిఫరీ మీద నెట్టేస్తుంటే, ఆయన ఎంత మంచివాడైనా మార్చాల్సిందే. మంచితనం ఒక్కటే కోచింగు కాదు. మన మనిషి కదా అని చూసీచూడనట్టు పోతే నష్టపోయేది మళ్లీ మన పిల్లలే.

ఇక పక్క మండలం ఆయన సంగతి. ఆయనకూ ఇవే ప్రశ్నలు. కప్పు గెలిచిన ఆ ఏడుగురూ ఆయన నేర్పిన పిల్లలేనా, వేరేచోట నేర్చుకుని వచ్చి చేరినవాళ్లా? ఆయన దగ్గర ఎంతమంది మానేశారు? ఎన్ని మోకాళ్లు పోయాయి? అక్కడి తల్లులతో మాట్లాడకుండా కప్పు ఫోటో చూసి మనిషిని తెచ్చుకుంటే, సంతలో రంగు చూసి ఎద్దును కొన్నట్టే.

చివరగా పని మాట. ఐదు పనులు చేద్దాం. ఒకటి, ముగ్గురితో చిన్న కమిటీ. అందులో ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి, ఒకరు ఆడుతున్న పిల్ల తల్లి అయ్యుండాలి. రెండు, పిల్లలను కోచ్ లేనప్పుడు, ఒక్కొక్కరిని విడిగా, ఆడవాళ్లే అడగాలి. ఆడిన ఏడుగురినే కాదు, బయట కూర్చున్న ఐదుగురిని, మానేసినవాళ్లనూ అడగాలి. మూడు, కోచ్‌ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి ఆయన మాట వినాలి. ఓటమి తర్వాత ఆయన ఏం మార్చాలనుకున్నాడో చెప్పమనాలి. వెనక మాట్లాడి ముందు తీసెయ్యడం దొరల పద్ధతి, మనది కాదు. నాలుగు, ఈరోజు నుంచే ఒక నోటుబుక్కు. ఎవరు వచ్చారు, ఎవరు ఎంతసేపు ఆడారు, ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరి కూత ఎన్ని సెకన్లు నిలిచింది, బడిలో హాజరు ఎంత. చదువుకున్న తమ్ముళ్లు రాయండి. వచ్చే ఏడు ఇదే సభలో ఊహల మీద కొట్లాడుకోం, ఆ బుక్కు తెరుస్తాం. ఐదు, ఒక మ్యాటు, పన్నెండు జతల బూట్లు, రోజుకో గుడ్డు. వీటికోసం ఎవరిని అడగాలో అడుగుదాం, ఇవ్వకపోతే ఎక్కడ కూర్చోవాలో అక్కడ కూర్చుందాం.

కమిటీ పదిహేను రోజుల్లో తన మాట చెప్పాలి. ఉంచమంటే ఉంచుదాం, మార్చమంటే మారుద్దాం. కాని ఓడి వచ్చిన సాయంత్రం కోపంలో తీసుకున్న నిర్ణయం మాత్రం వద్దు. ఆ పిల్లలు మనల్ని చూస్తున్నారు. ఓడిన మనిషిని ఈ జనం ఎలా తూస్తారో వాళ్లు ఈరోజు నేర్చుకుంటారు. రేపు వాళ్లు పరీక్ష తప్పినప్పుడు, ఉద్యోగం రానప్పుడు, మనం వాళ్లను కూడా ఇదే తక్కెడలో వేస్తామని వాళ్లకు తెలుసు. తక్కెడ సరిగ్గా పట్టుకుందాం.

జైభీమ్.